నేను నిలబెట్టిన మాస్తమ్మ

నా పద్నాలుగో ఏట, ఆదోనిలో ఒక కల్యాణమండపంలో, నిండు సభలో మా నాన్న నన్ను చెంప మీద కొట్టాడు. ఆ వారమంతా అక్కడ పురాణ ప్రవచనాలు జరుగుతున్నాయి. పూర్వం ఒక రాజు చేసిన యజ్ఞంలో పండితులందరూ నోళ్ళు మూసుకున్నాక, ఒక్క ఆడమనిషి లేచి ఋషిని ప్రశ్న మీద ప్రశ్న అడిగిన కథ చెబుతున్నాడు ప్రవచనకారుడు. ఇది దేని మీద నిలిచింది, అది దేని మీద నిలిచింది అని ఆమె అడుగుతూ పోతే, ఇక ఆపకపోతే తల తెగి పడుతుందని ఋషి హెచ్చరించాడట. సభంతా చప్పట్లు కొట్టింది. నేను లేచి నిలబడి, "జవాబు తెలీక బెదిరించినాడా సామీ?" అని అడిగాను. ప్రవచనకారుడు నవ్వాడు. నా పక్కనున్న నాన్న నవ్వలేదు. ఆయన బడిపంతులు, చెయ్యి వాటంగా తిరుగుతుంది. ఆ దెబ్బకు నా చెవికమ్మ ఊడి ముందు వరుసలో ఎవరి ఒళ్ళోనో పడింది.

ఆ రోజే చరిత్ర చదవాలని నిశ్చయించుకున్నానని తర్వాత కాలంలో చాలామందికి చెప్పుకున్నాను. చెప్పుకోవడానికి బాగుంటుంది. నిజానికి ఆ రోజు నాకు ఆయన్ని తిరిగి కొట్టాలనిపించింది. తండ్రిని కొట్టలేం కాబట్టి చదివాను. ఆ కోపంతోనే డిగ్రీ, ఆ కోపంతోనే దూరవిద్యలో ఎమ్మే పూర్తిచేశాను. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం దొరికింది. రోజూ ఆదోని నుంచి బస్సు. ఎమ్మిగనూరులో దిగి గోనెగండ్ల బండెక్కే కూలి ఆడవాళ్ళ సద్దిమూటల మధ్య నిలబడి, ఆ రోజు పాఠం నెమరేసుకుంటూ పోయేదాన్ని.

తొలి నాగరికతలు, మతాల చరిత్రలో ఆడవాళ్ళు, ఈ రెండూ నాకు ప్రాణం. నా తరగతి గోడ మీద ఒక పెద్ద చార్టు ఉండేది. యజ్ఞసభలో ప్రశ్నలడిగిన ఆమె, చచ్చిన బిడ్డను భుజాన వేసుకుని మందు కోసం ఇల్లిల్లూ తిరిగి చివరికి భిక్షుణి అయిన తల్లి, రాజైన మొగుణ్ణి కాదని జుట్టే బట్టగా నడిచిపోయిన కన్నడ శివభక్తురాలు, ఇంకా కొందరు. చుట్టూ తామరపూలు, బంగారు రంగు అంచు. కింద ఒక్కొక్కరి గురించి రెండేసి వాక్యాలు నా చేతిరాతతో. వాటిలో ఎక్కడా దెబ్బ లేదు. తల తెగిపడుతుందన్న హెచ్చరికను నేనే తీసేశాను. మార్చి నెల మహిళా దినోత్సవానికి అందరూ వచ్చి చూస్తారు, స్ఫూర్తి కలగాలి గానీ ఒళ్ళు జలదరించకూడదని మా ప్రిన్సిపాల్ కోరిక. నాకూ అదే సబబనిపించింది. ఏ ప్రశ్నకైతే నేను చెంపదెబ్బ తిన్నానో, ఆ ప్రశ్ననే నా పిల్లలకు అందకుండా చేశాను. అప్పట్లో అది నాకు తట్టనే లేదు.

కోపం మాత్రం తగ్గలేదు. ఒకసారి పిల్లల్ని హాలహర్వి దిక్కు బూడిద దిబ్బ చూపించడానికి తీసుకెళ్ళాను. వేల ఏళ్ళ కిందట పశువులను మేపుకున్నవాళ్ళు పేడ కుప్పలు వేసి, తగలబెట్టి, మళ్ళీ వేసి, మళ్ళీ తగలబెట్టి పెంచిన దిబ్బ అది. మేం పోయేసరికి జేసీబీ ఒకటి దాన్ని సగానికి కోసేసి బూడిదను ట్రాక్టరుకెత్తుతోంది, చేలకు వేసుకోవడానికట. కోసిన గోడలో ఒక మట్టికుండ, మూతగా పెట్టిన పళ్ళెం బద్దలై, లోపల పసిబిడ్డ ఎముకలు కనిపించాయి. చచ్చిన పసికందుల్ని కుండలో పెట్టి ఇంటి నేల కిందే పూడ్చుకునేవారు ఆ కాలంలో. నేను చూస్తుండగానే బకెట్ దిగి ఆ కుండను నుగ్గు చేసింది. నేను రాయి తీసి జేసీబీ అద్దం మీదికి విసిరాను. అద్దం పగిలింది. డ్రైవరు దిగివచ్చి, "కుండకు ఇంత ఏడుస్తాండావు, ఏం మేడం, నీ బిడ్డనా?" అన్నాడు. వాడి చొక్కా పట్టుకున్నాను. పిల్లలు నన్ను లాక్కొచ్చారు.

ఆ గొడవ మధ్యలోనే చెల్లెలు ఫోన్ చేసింది. తర్వాత చేస్తానని పెట్టేశాను. తర్వాత చేయలేదు. ఆ నెలలో దాని పెదవికి కుట్లు పడ్డాయని పండగకు వచ్చినప్పుడు చూశాను.

చెల్లెలు నాకంటే మూడేళ్ళు చిన్నది. కౌతాళం మండలంలో, కాలువ కింద వరి, పత్తి పండించే ఊరికి ఇచ్చాం. అత్త, బావగారు, మొగుడు, ముప్పై గేదెల చప్పుడు చేసే ఒక పాత ట్రాక్టరు, ఇదీ సంసారం. మొగుడికి చెయ్యి ఆగదు. కూరలో ఉప్పు తగ్గినా, పత్తికి ధర తగ్గినా, ఓట్ల లెక్కింపు నాడు తనవాళ్ళు ఓడినా దెబ్బ ఆమెకే. ముందుగా పగిలేవి చేతి గాజులు. గాజులాయన ఆ వీధిలోకి వస్తే, "మీ ఇంటికి రాకుంటే నాకు యాపారమే లేదు తల్లీ" అని ఎగతాళి చేసేవాడట. చెల్లెలు అది నాకు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న "సర్దుకోని పోవాల" అన్నాడు. అమ్మ అప్పటికే లేదు. ఎమ్మే చదివిన అక్కను, నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. గుర్తుండేంత మాట ఏదీ అని ఉండను.

వేల ఏళ్ళ కిందటి కుండ కోసం రాయి విసిరిన చెయ్యి, చెల్లెలి పెదవి కోసం ఒక ఫోను కూడా చేయలేదు. దీన్ని ఎన్నిరకాలుగా తిప్పి చెప్పుకున్నా నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఇక రాయి సంగతి. చెల్లెలి ఊరి మొదట్లో, బస్సు ఆగే చోట, నల్లబండ ఒకటి బోర్లా పడి ఉండేది. జనం దాని మీద కూర్చునేవారు. ఒకసారి నేనూ కూర్చుని, అలవాటు కొద్దీ అంచు తడిమి చూస్తే చెక్కుడు పని తగిలింది. నలుగురు మగవాళ్ళను బతిమాలి గడ్డపారలతో తిప్పించాను. నిలువెత్తు రాయి. మధ్యలో స్తంభం, స్తంభం నుంచి మోచేతి దగ్గర వంగి పైకి లేచిన ఆడదాని చెయ్యి, చేతి నిండా గాజులు, వేళ్ళ మధ్య నిమ్మకాయ. మాస్తికల్లు అంటారు దాన్ని. మొగుడి చితిలో కాలిపోయిన ఆడదాని గుర్తుగా నిలబెట్టే రాయి. నా సంతోషం అంతా ఇంతా కాదు. కాలువలోంచి నీళ్ళు తెచ్చి, కొంగుతో తుడిచి, ఫోనులో పదుల కొద్దీ ఫోటోలు తీశాను. గాజుల దగ్గర రాయి చిట్లి, చిన్న చిన్న గుంటలు పడి ఉంది. ఎందుకో తెలియలేదు.

తెలిసింది చెల్లెలి అత్త వల్ల. ముసలామె ఆ రాయిని చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "మాస్తమ్మ! మా అవ్వ సెప్తాండె. మొగుడు సచ్చినోళ్ళను పదకొండో దినం ఈయమ్మ తావుకే తెచ్చేవాళ్ళంట. ఈయమ్మ సేతి మీద సెయ్యి పెట్టించి గాజులు పగలగొట్టేదంట. రాయి పడిపాయ, ఆ పద్ధతీ పడిపాయ" అంది. అంటే ఆ గుంటలన్నీ దెబ్బలే. ఒక్కో చిట్లు ఒక్కో ఆడదాని మణికట్టు దగ్గర పడిన దెబ్బ. ముసలామె మాటలు ఫోనులో రికార్డు చేసుకుంటూ నాకు గగుర్పాటు కలిగిన మాట నిజం. కానీ అది పరిశోధన చేసేవాళ్ళకు దొరికిన గని ముందు కలిగే గగుర్పాటు. ఎవరూ రాయని ఆచారం నా చేతికి చిక్కింది.

ఆ ఊరి జాతరకు వేసే చిన్న పుస్తకంలో వ్యాసం రాశాను. సతిని పొగడడం చట్టరీత్యా నేరమని పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే. అందుకని ఎక్కడా నేరుగా పొగడలేదు, తెలివిగా పొగిడాను. ఆచారాన్ని వివరంగా వర్ణించాను. ఆ రాయి మీద పేరు లేదు, కాలం లేదు, ఒక్క అక్షరం లేదు. ఆమె తనంతట తాను నడిచిపోయిందో, నల్లమందు పట్టించి మోసుకెళ్ళారో, వెదురుబొంగులతో నొక్కిపట్టారో ఎవరికీ తెలీదు. నేను మాత్రం "నవ్వుతూ నిప్పులో అడుగుపెట్టిన తల్లి" అని రాశాను. "భరించడమే ఆమె బలం. ఈ ఊరి ఆడబిడ్డలందరికీ ఆ చెయ్యే అండ" అని ముగించాను. రాసేటప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా.

వ్యాసం చదివి నాన్న ఆదోనిలో తెలిసినవాళ్ళందరికీ చూపించాడు. "ఇప్పటికి బుద్ధి వచ్చింది నీకు" అన్నాడు నాతో. ఆయన నోట నా చదువు గురించి మంచి మాట అదే మొదటిది. ఆ మాట కోసం నేను అంతకాలం కాచుకుని ఉన్నానని అది విన్నాకే నాకు తెలిసింది. ఏ చెయ్యి నన్ను కొట్టిందో ఆ చెయ్యి నా పుస్తకాన్ని ఊరంతా తిప్పుతుంటే నేను పొంగిపోయాను.

చెల్లెలి మొగుడు ఇంకా ఒక అడుగు ముందుకేశాడు. రాయిని నిలబెట్టించి, సిమెంటు అరుగు కట్టించి, రేకుల కప్పు వేయించాడు. నా చివరి నాలుగు వాక్యాలను నల్లరాతి పలక మీద చెక్కించి పక్కనే నాటించాడు. "వదినా, నువ్వు రాసింది సదివితే ఒళ్ళు జల్లుమంటాది. ఆడదంటే అట్లుండల్ల" అన్నాడు నాతో, అరుగు మీద టెంకాయ కొడుతూ. పక్కన చెల్లెలు నిలబడి ఉంది. బుగ్గ మీద పసుపు కొంచెం మందంగా రాసుకుని ఉంది. ఆ పసుపు దేనికో నాకు తెలుసు. నేను పలక మీద అక్షరదోషాలు ఏమైనా ఉన్నాయా అని చూస్తూ ఉండిపోయాను.

రెండేళ్ళు గడిచాయి. ఒక మిట్టమధ్యాహ్నం అతను తాగి బైకు మీద కాలువ గట్టు వెంట వస్తూ తూము గోడకు కొట్టుకుని అక్కడికక్కడే చచ్చిపోయాడు. కబురు తెలిసినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. నాకు సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు, బస్సులో కూర్చుని నా రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాను, ఆ సంతోషం ఎవరికీ కనిపించకుండా. శవం దగ్గర చెల్లెలు ఏడవకుండా కూర్చుని ఉంది. నేను దాని ఎడమ పక్కన కూర్చుని చెవిలో ఏదో చెప్పాను. అది తిరిగి చూడలేదు. దుఃఖం అనుకున్నాను.

పదకొండో దినం పొద్దున నాన్నతో కలిసి ఆ ఊరు వెళ్ళాను. ఇంట్లో చెల్లెల్ని పెళ్ళికూతురిలా కూర్చోబెట్టి ఉన్నారు. తలంటి, పసుపుచీర, తలనిండా పూలు, నుదుట రూపాయంత బొట్టు, రెండు చేతులకూ మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు. ఇంటి వెనక, తలుపులు మూసి, ఒక ముసలి విధవ రెండు గాజులు తీసేసి పని కానిచ్చేస్తుందని అనుకున్నాను. ఇప్పుడు చాలా ఇళ్ళలో అదే చేస్తున్నారు. ఇంతలో బావగారు, అంటే చచ్చినవాడి అన్న, గుమ్మంలో నిలబడి, "ఇంగ లేపండమ్మా, మాస్తమ్మ తావుకు పోదాం" అన్నాడు.

"ఆ పద్ధతి ఎప్పుడో పోయింది కదా" అన్నాను.

"నీ పుణ్యాన మల్లా వచ్చెనమ్మా" అంది చెల్లెలి అత్త. నన్ను మెచ్చుకుంటూనే అంది. "నువ్వు రాయకుంటే ఎవురికి తెలుసు? నా కొడుకు కట్టించిన అరుగు. వాని పెండ్లామే మొదట పోవల్ల ఆడికి."

డప్పులు ముందు, మేం వెనక. ఇద్దరు ఆడవాళ్ళు చెల్లెల్ని రెండు రెక్కలూ పట్టుకుని నడిపిస్తున్నారు. నేను నాన్న చెయ్యి పట్టుకుని, "ఆపు నాయనా, నీ మాట ఇంటారు" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "పెద్దోళ్ళ పద్ధతి. నువ్వే రాసినావు కదా గొప్పదని" అన్నాడు. డప్పు చప్పుడులో ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది.

అరుగు మీద బియ్యం రాశి పోశారు. చెల్లెలి కుడిచేతిని లాగి రాతిచేతి మీద ఆనించారు, గాజు మీద గాజు వచ్చేలా. అత్త చేతిలో గుండ్రాయి ఉంది, రోట్లో మసాలా నూరేది. ఆమె దాన్ని ఎత్తి వేసింది. వయసు మీరిన చెయ్యి, గురి తప్పింది. సగం దెబ్బ గాజుల మీద, సగం మణికట్టు ఎముక మీద పడింది. ఆకుపచ్చ ముక్కలు ఎగిరాయి. చెల్లెలు అరిచిన అరుపు డప్పులను దాటి వచ్చింది. పగిలిన గాజు చర్మంలోకి దిగి, నెత్తురు రాతిచేతి మీది గుంటల్లోకి జారింది. ఏ గుంటలను నేను ఫోటోలు తీసి, కొలిచి, వర్ణించానో వాటిలోకే.

రెండో దెబ్బకు రాయి లేచింది. నేను అరుగెక్కాను. ముసలామెను ఒక్క తోపు తోశాను, వెల్లకిలా పడింది. రెక్క పట్టుకున్నామెను జుట్టు పట్టి లాగాను. ఆమె నా చెయ్యి కొరికింది. ఎవరో నా వీపు మీద గుద్దారు, చీర చిరిగిన చప్పుడు వినిపించింది. నేను ఎవర్ని కొడుతున్నానో చూడకుండా కొట్టాను. ఆ క్షణంలో నాకు హాయిగా ఉండింది. పద్నాలుగో ఏటి నుంచి దాచుకున్నదంతా చేతుల్లోంచి వెళ్ళిపోతున్నట్టు ఉండింది. బావగారు వెనక నుంచి నా మెడ పట్టుకుని, నా మొహాన్ని నల్లరాతి పలక దగ్గరికి వంచాడు.

"సదువు" అన్నాడు. "ఎవురు రాసినారిది? నువ్వా, నేనా? నవ్వుకుంటా నిప్పులోకి పోయిందని రాసింది ఎవురు? ఊరోళ్ళకు సదువు రాదనుకున్నావా? నీ సెల్లెలి వంతు వచ్చేసరికి గాజులు పగిలితేనే ఏడుపొచ్చెనా?"

నా ముక్కు ఆ అక్షరాలకు ఆనుకుని ఉంది. డప్పులు ఆగాయి. చదువుకున్నదాన్ని కాబట్టి చెప్పడానికి నాకు చాలా మాటలున్నాయి. అది ఆ కాలం, ఇది ఈ కాలం అనవచ్చు. చరిత్రను రాయడం వేరు, ఆచరించడం వేరు అనవచ్చు. నా నోట్లోంచి ఒక్కటే వచ్చింది.

"అబద్ధం" అన్నాను. "ఆయమ్మ నవ్విందో ఏడ్సిందో నాకు తెల్దు. ఎవరికీ తెల్దు. ఈ రాయి మీద ఏమీ రాసిల్లేదు. నేను కల్పించి రాసినా. మా నాయన మెచ్చుకోవల్లని రాసినా."

మెడ మీద పట్టు సడలింది. తలెత్తితే ముందుగా కనిపించింది నాన్న మొహం. ఆయన నేల చూస్తున్నాడు. ఆ తర్వాత చెల్లెలు కనిపించింది. దాన్ని పట్టుకున్నవాళ్ళు వదిలేసి ఉన్నారు. అది కుడి మణికట్టును ఎడమచేత్తో అదుముకుని, తలను కొంచెం పక్కకు తిప్పి, కుడిచెవి నావైపు పెట్టి వింటోంది.

"ఏమంటివి?" అంది. "మల్లా సెప్పు. అబద్ధమా?"

"అబద్ధం మే."

చెల్లెలు గట్టిగా మాట్లాడలేదు. "పోయిన ఏడు సంచి సర్దుకోని ఈడికి వచ్చినా నేను" అంది. "ఇంగ వాని తావ ఉండకూడదని. ఆదోని బస్సెక్కల్లని. బస్సుకు ఇంకా పొద్దుండె. ఈ పలక ముందర కూసున్నా. రాసింది మా అక్క గదా అని సదివినా. భరించడమే బలమంట. నిప్పునే భరించిందంట, నాకు దెబ్బలు ఒక లెక్కనా అనుకున్నా. బస్సు వచ్చె, పోయె. నేను సంచి ఎత్తుకోని ఇంటికి పోయినా. సంచి సూసి వాడు కొట్టినాడు. ఆ పొద్దే ఈ సెవి పాయ. ఎడం సెవి. నీకు తెల్దు, నువ్వు అడగల్యా."

అది వంగి, అత్త చేతిలోంచి జారిపడిన గుండ్రాయిని తీసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. పక్కకు జరగవచ్చు, జరగలేదు. జరగాలనిపించలేదు. ఎడమచేత్తో ఎత్తి నా నుదుటి మీద కొట్టింది.

చప్పుడు లోపలి నుంచి వినిపించింది. నొప్పి తర్వాత వచ్చింది. వేడిగా ఒక కన్ను మూసుకుపోయింది. నేను మోకాళ్ళ మీద బియ్యం రాశిలో పడ్డాను. తెల్లటి బియ్యం ఎర్రగా మారుతూ ఉంటే చేతులు అడ్డం పెట్టి ఆపాలని చూశాను, అదేం పిచ్చో. పడిన చోటి నుంచే చెల్లెలి అత్త గొంతు చించుకుంది. "రాశి మీద నెత్తురు పడె! దినం చెడిపాయ! ఆపండి, ఇంగ ఒక్క గాజు ముట్టుకోవద్దండి!" చచ్చినవాడి పేరున పోసిన రాశి మీద పరాయి నెత్తురు పడితే ఆ కార్యం పనికిరాదు. శుద్ధి చేసి, మళ్ళీ దినం చూసి, మళ్ళీ మొదటి నుంచి చేయాలి. చెల్లెలు పదిహేనేళ్ళు ఆ ఇంటి కోడలు. ఆ సంగతి దానికి తెలుసో తెలియదో, తెలిసే కొట్టిందో, నేను ఇప్పటికీ అడగలేదు. అడిగితే లేదంటుందేమోనని భయం.

జనం గాజుపెంకుల మీద అటూ ఇటూ తొక్కుకుంటుంటే, చెల్లెలు తన తలలోని పూలు తెంచి పారేసి, పసుపుచీర కొంగు చించి నా నుదుటికి గట్టిగా కట్టింది. ఆ కట్టడంలో ప్రేమ ఉందని చెప్పలేను. పశువుకు కట్టినట్టు కట్టింది. రోడ్డు మీద పోతున్న ఆటోను ఆపి నన్ను లోపలికి తోసి తనూ ఎక్కింది. బావగారు ఆటోకు అడ్డం వచ్చాడు. "దినం కానిదే ఊరు దాటకూడదు" అన్నాడు. చెల్లెలు గుండ్రాయి ఇంకా వదల్లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అతని వైపు చూసింది. అతను జరిగాడు. నాన్న అరుగు దగ్గరే నిలబడి ఉన్నాడు. రమ్మని నేను పిలవలేదు, వస్తానని ఆయన అనలేదు.

ఆదోని దాకా రోడ్డు బాగాలేదు. గతుకులకు నా తల దాని భుజానికి తగిలినప్పుడల్లా అది నన్ను నెట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. మణికట్టులో దిగిన గాజుముక్కలను గోళ్ళతో ఒక్కొక్కటే పీక్కుంటూ కూర్చుంది.

ఆసుపత్రిలో నా నుదుటికి తొమ్మిది కుట్లు వేశారు. కుట్లు వేసిన డాక్టరు పోయాక నర్సు ఒకామె రిజిస్టరు పట్టుకుని వచ్చింది. ఎట్లా తగిలిందని అడిగింది.

"మెట్ల మీద జారి పడినా" అన్నాను. నోరు దానంతటదే చెప్పింది. చెల్లెల్ని కాపాడుతున్నాననుకున్నాను.

"కాదు" అంది చెల్లెలు. "నేను కొట్టినా. గుండ్రాయితో. అట్లే రాయండి."

నర్సు మా ఇద్దర్నీ చూసింది. ఒకతి చిరిగిన చీరతో, ఒకతి పెళ్ళికూతురి అలంకారంతో. "అట్లా రాస్తే పోలీసులకు పంపల్ల తల్లీ. నీకే కష్టం" అంది.

"పంపండి. జరిగింది రాయండి." చెల్లెలు కుర్చీ లాక్కుని, కుడిచెవి ఆమె వైపు ఉండేలా కూర్చుంది. "ఇంగోటి. నా మొగుడు కొట్టిన పొద్దు కూడా ఈడికే వచ్చినా నేను, నాలుగు తూర్లు. నాలుగు తూర్లూ జారి పడినానని రాయించినా. కాలవ తావ జారినా, నీళ్ళు పోసుకునే బచ్చలింట్లో జారినా, మిద్దె మీద నుంచి జారినా. ఆ కాగితాలుంటాయి గదా, తీయండి. నేను యాడా జారల్యా. అవన్నీ తిరగరాయండి."

"ఆయన ఇప్పుడు..." అంది నర్సు.

"సచ్చినాడు. అయినా రాయండి."

నేను ఏదో అనబోయాను. చెల్లెలు నా వైపు తిరగకుండానే చెయ్యి ఎత్తి ఆపింది. నర్సు పేజీ తిప్పి, పెన్ను మూత తీసింది. చెల్లెలు గాజులు నిండుగా ఉన్న ఎడమచేతిని బల్ల మీద ఆనించి, మొదటి దెబ్బ నుంచి చెప్పడం మొదలుపెట్టింది.